మీ ఊరి దగ్గర ఎక్కడ నడుస్తారు?

ఇంగ్లండ్‌లో మార్కెట్ హార్బరా అని ఓ చిన్న ఊరుంది. లెస్టర్‌లో మాస్టర్స్ చదివేటప్పుడు వీకెండ్లలో అక్కడి ఓ గోదాములో డబ్బాలు సర్దే పని చేసేవాణ్ని. మన బోధన్ కన్నా చిన్న ఊరే. కానీ అక్కడ 1204 నుంచీ అంగడి జరుగుతోందట. ఊరి నడిబొడ్డున చెక్క కాళ్ల మీద నిలబడ్డ పాత బడి ఒకటి ఉంది, 1614 నాటిది. పైన చదువు, కింద అంగడి.

నాతో పనిచేసే ఓ పెద్దాయన ఒక ఆదివారం నన్ను కాలువ కట్ట మీద ఫాక్స్‌టన్ దాకా నడిపించుకుపోయాడు. దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. అక్కడ గుట్ట మీదికి మెట్లలాగా పది లాకులుంటాయి, 1814లో తెరిచినవి. పడవ ఒక లాకులోకి వస్తుంది, తలుపులు మూస్తారు, నీళ్లు నింపుతారు, పడవ ఒక మెట్టు పైకి లేస్తుంది. అట్లా పది సార్లు. తలుపులు ఇప్పటికీ మనుషులే తోయాలి. నేనూ ఒక దూలానికి వీపు ఆనించి తోశా.

తిరిగొస్తుంటే ఆయన అడిగాడు: "మీ ఊరి దగ్గర నడవడానికి మంచి దారులేమున్నాయి?"

"మాది పల్లెటూరు, అట్లాంటివేం లేవు" అన్నా.

"కాలువ లేదా?"

ఉంది. నిజాంసాగర్ కాలువ. దాని కట్ట మీద నడిచా కూడా, చెప్పుల్లేకుండా, బర్రెల వెనకాల. దాన్ని 'వాక్' అంటారని నాకు తెలీదు.

*

రెండేళ్ల తర్వాత వీసా అయిపోయింది. ఉద్యోగం దొరకలేదు. పోయిన సంక్రాంతికి రుద్రూర్ వచ్చేశా. ఇంట్లో ఏం చెప్పానంటే, కంపెనీ వాళ్లు మూడు నెలలు సెలవిచ్చారని. లోన్ బాకీ ఇంకా నాలుగు లక్షలే ఉందని. నిజానికి పదకొండు దాటింది. మా రెండెకరాల కాయితం బ్యాంకులో ఉంది.

విదేశాల నుంచి వచ్చినవాళ్లకు తెలుస్తుంది, ఊళ్లో చౌరస్తా దాటడం ఎంత కష్టమో. హోటల్ దగ్గర ఒకరు, కిరాణం దగ్గర ఒకరు. అందరిదీ ఒకే మాట: "ఎప్పుడొచ్చినవ్ రా? మళ్లెప్పుడు పోతవ్?" ఆ రెండో ప్రశ్న తప్పించుకోవడానికే పొద్దున ఐదున్నరకి లేచి కాలువ కట్ట పట్టేవాణ్ని. చరిత్ర మీద ప్రేమతో కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్తున్నా.

యాసంగి నీళ్లు వదిలారు. పొగమంచులో నాట్లకి దున్నిన మళ్లు అద్దాల్లా ఉన్నాయి. నాలుగో రోజు తూము దగ్గర లష్కర్ ఆపాడు. ఎవరి కొడుకునో చెప్తే నవ్వి, చక్రం పట్టుకుని షట్టర్ ఎట్లా ఎత్తుతాడో చూపించాడు. చెయ్యి వెయ్యమన్నాడు. ఫాక్స్‌టన్‌లో తలుపు తోసినప్పటి బరువే. కాకపోతే అక్కడ ఫొటో దిగా, ఇక్కడ దిగలేదు.

ఆ రాత్రి ఫోన్‌లో వెతికా. మంజీర మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. కట్టించిన ఇంజినీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టినరోజునే, జులై 11న, మనం తెలంగాణ ఇంజినీర్ల దినోత్సవం చేసుకుంటాం. ఆయన చదివింది ఇంగ్లండ్‌లో, కూపర్స్ హిల్ కాలేజీలో. అది చదివాక కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా. ఆయన కూడా ఇంగ్లండ్ నుంచి తిరిగొచ్చినవాడే. వచ్చి కాలువ తవ్వించాడు. నేనొచ్చి దాని కట్ట మీద దాక్కుంటున్నా.

మా వైపు ఊళ్ల పేర్ల వెనక 'క్యాంప్' అని ఎందుకుంటుందో కూడా ఆ నీళ్లలోనే ఉంది. కాలువ వచ్చాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతులొచ్చి భూములు కొని గుడిసెలేసుకున్నారు. గుడిసెలు డాబాలయ్యాయి, క్యాంప్ అన్న పేరు మాత్రం పోలేదు. నా క్లాస్‌మేట్లలో సగం మంది 'అమ్మమ్మగారి ఊరు తెనాలి' అనేవాళ్లే. మా బళ్లో రెండు రకాల తెలుగు వినిపించేది.

*

వారం రోజులకి బాపు కనిపెట్టాడు.

"రోజు పొద్దుగాల్నే ఎటు పోతున్నవ్ రా?"

"ఊకెనే, నడ్వనీకి."

"నడ్వనీకా? నడిస్తె బోధన్ నడ్వాలె. మేం బండ్ల ఎనక నడిచేటోళ్లం."

మరుసటి రోజు బైక్ తీయమన్నాడు. నడక కాదు గానీ, ఆయన మోకాళ్లకి అదే నడక.

శక్కర్‌నగర్ గేటు ముందు ఆపించాడు. 1937లో పెట్టిన నిజాం షుగర్స్, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరున్న మిల్లు. 2015 డిసెంబర్ నుంచి మూత. నా చిన్నప్పుడు క్రషింగ్ సీజన్‌లో బోధన్ దగ్గరకి వస్తుంటేనే బెల్లం పాకం లాంటి వాసన వచ్చేది. చెరుకు లారీ వెనకాల సైకిల్ తొక్కుతూ ఓ గడ గుంజుకోవడం మా ఈడు పిల్లలందరికీ ఒక పరీక్ష. బాపు గోడ అవతలి పొగగొట్టం వైపు చూస్తూ చెప్పుకొచ్చాడు: తాత ఎడ్లబండి మీద చెరుకు తెచ్చి, తన వంతు కోసం రాత్రంతా బండి కిందే పడుకునేవాడట. చలికి గోనె సంచి కప్పుకునేవాడట. మిల్లు మూతపడ్డ ఏడాదే మేం చెరుకు మానేసి మొత్తం వరికి తిరిగాం. ఆయన ఆ మాట చెప్పలేదు. నాకు గుర్తుందని తెలుసు.

అక్కణ్నుంచి దేవల్ మసీద్. పేరులోనే రెండూ ఉన్నాయి చూడండి. రాష్ట్రకూటుల కాలంలో కట్టిన ఆలయమని, తుగ్లక్ కాలంలో మసీదయిందని రాస్తారు. నక్షత్రం ఆకారంలో గోడలు మలుపులు తిరుగుతాయి. లోపల చెక్కిన స్తంభాలు. చెయ్యి పెడితే చల్లగా ఉన్నాయి.

బోధన్ గురించి నాకు నిజంగా మతిపోయింది మాత్రం వేరే విషయంలో. పదహారు మహాజనపదాలు అని మనం పరీక్షల కోసం బట్టీ పట్టాం కదా. అందులో దక్షిణాదిది ఒక్క అస్మకమే. దాని రాజధాని పోదన మన బోధనే అని చాలామంది చరిత్రకారులంటారు. శ్రవణబెళగొళలో బాహుబలి విగ్రహం ఉంది కదా, దాని వెనక ఓ జైన కథ ఉంది. పౌదనపురంలో ఉన్న బాహుబలిని చూడాలని చావుండరాయుడి తల్లి కోరుకుందట. ఆ ప్రయాణం కుదరకే అక్కడ విగ్రహం వెలిసిందట. ఆ పౌదనపురం కూడా ఇదేనంటారు. బాపుకి చెప్తే, "మాకైతె బకాసురుని ఊరని చెప్పిండ్రు" అన్నాడు. ఏకచక్రపురం ఇదేనని, భీముడు బకాసురుణ్ని చంపింది ఇక్కడేనని ఊళ్లో నమ్మకం. ఏకచక్రేశ్వరుడి గుడీ ఉంది. నాకు బకాసురుడి కథే ఎక్కువ నచ్చుతుంది, బండెడు అన్నం ఉంది కాబట్టి.

ఆ తర్వాత ప్రతి రెండు మూడు రోజులకీ ఎక్కడికో ఓ చోటికి పోయాం. జానకంపేటలో ఎనిమిది మూలల అష్టముఖి కోనేరు. డిచ్‌పల్లి రామాలయం, ఆ గోడల మీది బొమ్మల్ని బాపుతో కలిసి చూడటం కొంచెం ఇబ్బందే. అలీసాగర్ గురించి రాయను, మీరు స్కూల్ పిక్నిక్‌లో వెళ్లే ఉంటారు. నిజామాబాద్ ఖిల్లా గుట్ట మీద మాత్రం చాలాసేపు కూర్చున్నాం. పైన రఘునాథుడి గుడి, పక్కన పాత జైలు. 1940ల్లో నిజాం సర్కారు దాశరథిని అందులో పెట్టింది. ఆయన బొగ్గుతో గోడల మీద పద్యాలు రాసేవాడు. సిబ్బంది తుడిపేస్తే మళ్లీ రాసేవాడట.

*

బడాపహాడ్‌కి పోయింది శుక్రవారం. వర్ని మీదుగా జలాల్‌పూర్ దాటితే అడవి, గుట్ట, పైన సాదుల్లా హుస్సేనీ దర్గా. హిందువులు, ముస్లింలు అందరూ వస్తారు, మొక్కు తీర్చుకోవడానికి కందూరు చేస్తారు. కిందనే కట్టెల పొయ్యిల పొగ, మసాలా వాసన. ఒకాయన మేకను భుజాల మీద వేసుకుని మమ్మల్ని దాటి ఎక్కిపోయాడు.

మెట్లకి ముందే చెప్పా, వద్దు బాపూ అని. వినలేదు. "నీకు జరమొస్తె మీ నానమ్మ నిన్ను చంకలెత్తుకొని ఎక్కింది. నేను నా మోకాళ్లు ఎత్తుకొని ఎక్కలేనా?"

సగం దూరంలో ఆగిపోయాడు. నీడ చూసి మెట్టు మీద కూర్చున్నాం. కోతులు సంచీ వైపే చూస్తున్నాయి. కింద అడవి దాటాక పచ్చని మళ్లు, ఎక్కడో మా ఊరి వైపు మంచు.

ఊపిరి సర్దుకున్నాక, నా మొహం చూడకుండా అడిగాడు.

"బాకీ ఎంతున్నది?"

"చెప్పిన గద, నాలుగు..."

"బ్యాంకోళ్ల కాయితం ఇంటికొచ్చింది. నువ్వు రాకముందే."

నెల రోజులుగా తెలుసు. తెలిసి కూడా నా వెంట శక్కర్‌నగర్, జానకంపేట, ఖిల్లా అన్నీ తిరిగాడు. నేను చెప్తానేమోనని ప్రతిచోటా ఓ మెట్టు చూసి కూర్చున్నాడు కాబోలు. అవన్నీ మోకాళ్ల నొప్పి అనుకున్నా.

చెప్పేశా. పదకొండు లక్షల నలభై వేలు. సెలవు లేదు, ఉద్యోగం లేదు. హైదరాబాద్‌లో రెండు చోట్ల అడిగా, ఒక చోట ఇరవై రెండు వేలిస్తామన్నారు.

బాపు చాలాసేపు ఏం మాట్లాడలేదు. మేకను మోసుకెళ్లినాయన కండువా దులుపుకుంటూ దిగి వస్తుంటే అతనితో, "పైన మంది బాగున్నరా?" అని అడిగాడు. తర్వాత నా భుజం పట్టుకుని లేచాడు.

"ఇరవై రెండు వేలంటె నెలకు ఎంత కడ్తవ్?"

మిగతా మెట్లు లెక్కలు వేసుకుంటూనే ఎక్కాం. గది కిరాయి, మెస్, కిస్తీ. ఒక దగ్గర ఆయన తప్పు లెక్కేశాడు, ఒక దగ్గర నేను. పైకొచ్చేసరికి ఇంకా తొమ్మిది వేలు ఎక్కడా కుదరలేదు.

సోమవారం నేను హైదరాబాద్ బస్సెక్కుతున్నా. కందకుర్తి మిగిలిపోయింది. గోదావరి, మంజీర, హరిద్ర కలిసేచోట నది మధ్యలో ఓ రాతి శివాలయం ఉంది, నీళ్లు తగ్గినప్పుడు దాని దాకా నడిచి పోవచ్చు. ఏప్రిల్‌లో ఓ శనివారం రమ్మన్నాడు బాపు. హార్బరా పెద్దాయనకి నిన్న మెసేజ్ పెట్టా, మా ఊరి దగ్గర నడిచే దారులు ఇవీ అని. కాలువ కట్ట ఫొటో కూడా పంపా. లాకులెన్ని అని అడిగాడు.