మేనల్లుని తుపాకి

గడచిన మాఘమాసములో మా మేనల్లునియొద్దనుండి నాకొక జాబు వచ్చినది. అతడు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున పదియేండ్లుగా ఉద్యోగము చేయుచున్నాడు. చిన్ననాడు మా యింటనేయుండి నాయొద్ద రఘువంశము కొన్ని సర్గలు చదివినవాడు. రాబోవు ఆషాఢములో ఆఫ్రికాలోని బోట్స్వానా దేశమునకు పోయి ఏనుగును వేటాడదలచినాడట. అనుమతిపత్రమునకును, వెంటవచ్చు వృత్తివేటగానికిని రుసుము చెల్లించినాడట. ఇక తుపాకిని, గుండ్లను ఎంచుకొనుట మాత్రమే మిగిలినదట. ఆ విషయమై మూడు పుటలు ఉత్సాహముతో వ్రాసి, "ఈ మాట విన్ననాటినుండి అమ్మ నాతో మాటలాడుట మానినది. మామయ్యా, మీరు చదువుకొన్నవారు. ఆమెకు మీరే నచ్చజెప్పవలెను" అని ముగించినాడు.

నేను జీవితములో సుద్దముక్కకంటె బరువైన ఆయుధమును పట్టియెరుగను. జాబు చదివినంతనే కోపము వచ్చినది. ఆ రాత్రియే అహింసనుగూర్చి నాలుగు పుటల ప్రత్యుత్తరము వ్రాసితిని. ధర్మశాస్త్రములను, పురాణములను ఎడాపెడా అందులో గ్రుచ్చితిని. మరునాటి యుదయమున చదువుకొనగా నాకే రుచింపలేదు, చించివేసితిని. కారణము చెప్పవలసియున్నది.

పండ్రెండేండ్ల క్రిందట నేను చిత్తూరు జిల్లాలో పలమనేరుకు సమీపమున ఒక పాఠశాలయందు పనిచేసితిని. ఆ ప్రాంతమునకు 1980ల దశాబ్దములో తమిళదేశపు అడవులనుండి ఏనుగులు వచ్చి చేరినవి. వాటికొరకే 1990లో కౌండిన్య అభయారణ్యమేర్పడినది. పగటివేళ వాటినిగూర్చి వినుటకు ముచ్చటగానే యుండును. రాత్రివేళ అవి రాగిచేలలోను చెరకుతోటలలోను పడినపుడు రైతుకు ఆ ముచ్చట యుండదు. నా తరగతిలోని యొక బాలుని తండ్రి చేనికి కావలిపోయి తెల్లవారునప్పటికి శవమై దొరికినాడు. ఆ బాలుడు పదునొకండవనాటికి తిరిగి పాఠశాలకు వచ్చి, యథాప్రకారము రెండవ బల్లపై కూర్చుండెను. ఆ దినమున నేను చెప్పవలసిన పాఠము గజేంద్రమోక్షము. నేను పుస్తకము మూసివేసి వ్యాకరణము చెప్పితిని.

ఆ బాలుని జ్ఞాపకముంచుకొనియే అహింసను బోధింపవలెనుగాని, పట్టణములో విసనకఱ్ఱ పట్టుకొని కూర్చుండి బోధించుట సులభము. బోట్స్వానాలో సుమారు 1,30,000 ఏనుగులున్నవని యంచనా. ఆ ప్రభుత్వము 2014లో వేటను నిషేధించి, 2019లో ఆ నిషేధమును తొలగించినది. అచ్చటి పల్లెవాసులు తమ చేలనుగూర్చి చెప్పుకొను మాటలు పలమనేరు రైతుల మాటలకు దూరమైనవి కావు. మన దేశమార్గము వేరు. అడవియేనుగులను కాపాడుటకు మద్రాసు ప్రభుత్వము 1873లోను, భారతప్రభుత్వము 1879లోను చట్టములు చేసినవి. 1972నాటి వన్యప్రాణి సంరక్షణచట్టములోని మొదటి పట్టికయందు ఏనుగు 1977లో చేర్చబడినది. కౌటిల్యుడైతే గజవనములో ఏనుగును చంపినవానికి మరణదండనమే విధించినాడు. మన చట్టము నాకు సమ్మతము. కాని దానిని చూపి పరదేశపు రైతును నిందించుటకు నాకధికారము లేదు.

కనుక, నిందించుటకు ముందు విషయమేమో తెలిసికొందమని అతడు వ్రాసిన తుపాకుల సంగతి శ్రద్ధగా చదివితిని. కొన్ని గ్రంథములు కూడ తిరుగవేసితిని. నాకు బోధపడినది చెప్పెదను.

ఏనుగు తల కొండంత యున్నను మెదడు సుమారు అయిదు కిలోగ్రాములే యుండును. అది తలకు వెనుకభాగమున, క్రిందుగా దాగియుండును. దానిచుట్టును తేనెపట్టువలె గాలిగదులతో నిండిన దళసరి యెముక యున్నది. మెత్తనిమొన గుండు ఆ యెముకలో చితికి నిలిచిపోవును. అందుచేత చెదరక, వంగక, తిన్నగా దూసికొనిపోవు గట్టిగుండు కావలెను. అనేక దేశములలో .375 కొలత తుపాకియే కనీసపు హద్దు. 1912లో హాలండు అండు హాలండు వారు వెలువరించిన ఆ తూటాలోని గుండు సుమారు 19 గ్రాములు తూగి, సెకనుకు 2,500 అడుగుల వేగముతో పోవును. .470 అను జంటగొట్టముల తుపాకి గుండు 32 గ్రాములుండును. అది వరుసగా రెండుమారులు క్షణములో ప్రేలును, వెల యపారము, భుజమునకు తగులు దెబ్బయు నట్టిదే. ఆ దెబ్బకు జంకినవాడు మీట నొక్కుటకు ముందే కన్నుమూయును. కన్నుమూసినవాని గుండు ఎంత పెద్దదైనను ఏమి ప్రయోజనము?

బెల్ అను స్కాట్లండు వేటగాడు గతశతాబ్దారంభమున వెయ్యికి పైగా ఏనుగులను చంపెను. వానిలో అధికభాగమునకు అతడు వాడినది .275 కొలతగల చిన్నతుపాకి. చిన్నతుపాకి చాలునని వాదించువారు అతనినే సాక్షిగా చూపుదురు. కాని అతడు ఏనుగు పుఱ్ఱెను రంపముతో కోయించి, మెదడు ఏ దిక్కునుండి చూచినపుడు ఎచ్చటనుండునో నేర్చుకొనిన సంగతిని వారు మరతురు. దంతమునకై అన్ని ప్రాణములు తీసిన వానిని నేను పొగడలేను. అయినను ఆ పుఱ్ఱె సంగతి నన్ను విడువలేదు.

రఘువంశము అయిదవ సర్గలో అజుడు స్వయంవరమునకు పోవుచు నర్మదాతీరమున విడిసియుండగా, నదిలోనుండి అడవియేనుగొకటి సేనపై పడును. రాజు అడవియేనుగును చంపరాదని యెరిగినవాడగుటచే అతడు వింటిని ఎక్కువగా లాగక, దానిని మరలింపగోరి కుంభస్థలముపై ఒక బాణము వేయును. ఏనుగు శాపవిముక్తుడైన ప్రియంవదుడను గంధర్వుడై, శత్రువును చంపకయే జయమునిచ్చు సమ్మోహనాస్త్రమును అతనికిచ్చును. తొమ్మిదవ సర్గలో ఆ యజుని కుమారుడే, దశరథుడు, తమసాతీరమున కుండ మునుగు చప్పుడు విని ఏనుగని భ్రమించి బాణము విడిచి మునికుమారుని చంపును. నిషేధము తండ్రికెంత తెలియునో కుమారునికిని అంతయే తెలియును. తండ్రి ఎంత లాగవలెనో ఆలోచించినాడు. కుమారుడు లక్ష్యమును చూడకయే విడిచినాడు. ఈ రెండు సర్గలను నేనే మా మేనల్లునకు చెప్పితిని. అన్వయము, సమాసములు, అలంకారములు అన్నియు చెప్పితిని. ఈ భేదమును మాత్రము చెప్పియుండలేదు.

అయితే అజుని యుపాయము నేటి వేటకు చెల్లదు. సగము లాగిన వింటివంటి తుపాకితో ఏనుగును కొట్టినచో అది గాయపడి రోజులతరబడి బాధపడును. దారినిబోవు పల్లెవానిని చంపును. ఇచ్చట మెత్తదనమే క్రౌర్యము. చంపక తప్పదనువాడు పూర్ణముగా చంపగల సాధనమునే పట్టవలెను. లేదా ఏమియు పట్టరాదు.

ఇంకొక పాఠమునుగూర్చి కూడ చెప్పవలెను. ఆర్వెల్ అను ఆంగ్ల రచయిత బర్మాలో పోలీసు ఉద్యోగిగా ఉన్ననాటి యొక సంఘటనమును 1936లో వ్యాసముగా వ్రాసెను. నేనది పలుమారులు తరగతిలో చెప్పితిని. మౌల్‌మీన్ పట్టణమున మదించిన పెంపుడేనుగు ఒక కూలివానిని చంపును. ఉద్యోగి తుపాకితో పోవునప్పటికి దాని మదము దిగిపోయినది, గడ్డి తినుచున్నది. చంపనవసరము లేదని అతనికి తెలియును. కాని వెనుక రెండువేలమంది గుమిగూడియున్నారు. వారియెదుట నవ్వులపాలగుదునను భయముచేతనే అతడు కాల్చెను. చెవి తూటునకు గురిపెట్టుటకు మారుగ, మెదడు ఇంకను ముందున్నదనుకొని కొట్టెను. ఆ మూగప్రాణి చచ్చుటకు చాలసేపు పట్టినది. చచ్చిన కూలివానినిగూర్చి తెల్లవారు అటుపిమ్మట మాటలాడుకొన్న మాటలలో, ఏనుగు వెలయెదుట వాని ప్రాణము వెల యేపాటిదన్న భావముండును. అచ్చట వానిని వారు కోరంగివాడనిరి.

కోరంగి మన కాకినాడ దాపునగల రేవు. 1839నాటి తుపానులో పాడైనది. మన తీరమునుండి బర్మాకు పోయిన తెలుగు కూలివారందరికిని అచ్చట ఆ రేవుపేరే తిట్టుపేరైనది. ఒక సంవత్సరము కోరంగి ప్రక్కపల్లెనుండి వచ్చు విద్యార్థి లేచి, "మాస్టారూ, ఇది మా కోరంగియేనాండీ?" అని యడిగినాడు. నేను సిగ్గుపడి, "పరీక్షకు అది రాదు, కూర్చో" అంటిని.

ఇన్ని సంగతులు మనసులో పెట్టుకొని మా మేనల్లునకు రెండవమారు జాబు వ్రాసితిని. దాని సారాంశమిది: "నాయనా, నీవు పోరాదనియే నా కోరిక. నీవు పోవుదువని యెరుగుదును. పోవుదువేని .375 చాలును, నీ భుజము ఓర్వగలిగినదానినే తీసికొనుము. గట్టిగుండ్లే కొనుము. పుఱ్ఱె పటమును ముందు పెట్టుకొని మెదడుండు చోటు నలుదిక్కులనుండి నేర్చుకొనుము. కనీసము మూడుమాసములు నిలువుననే నిలిచి గురిచూచి కొట్టుట అభ్యసింపుము. ముప్పది గజములలో మూడుమారులు వరుసగా అనుకొన్నచోట కొట్టజాలనినాడు ప్రయాణము మానుకొనుము. ఒక్కప్రశ్న మాత్రము ఏ దుకాణములోను తీరదు. రుసుము చెల్లించినావు, స్నేహితులకు చెప్పినావు, వేటగాడు ప్రక్కన నిలిచి 'ఇక కొట్టుడు' అనును. ఆ క్షణమున నీకు మనసొప్పనియెడల తుపాకి దింపి, వట్టిచేతులతో తిరిగిరాగలవా? రాగలిగినవానికే ఏనుగుయెదుట నిలుచుటకు అర్హత కలదని నా యభిప్రాయము. అమ్మకు నేను నచ్చజెప్పను. ఆమె మౌనమును నీవే మోయవలెను."

ఈ జాబు నకలును మా అక్కకు చదివి వినిపించితిని. ఆమె చివరవరకు విని, "వాడు చిన్నప్పుడు దేవాలయపు ఏనుగును చూచి జడిసి నా చెంగు వదలలేదురా" అని మాత్రమన్నది.

అతని ప్రత్యుత్తరము నెలదినములకు వచ్చినది. .375 కొన్నాడట. మూడుమారులలో రెండుమారులు గురి కుదురుచున్నదట. అందుచేత ప్రయాణమును మరుసటి సంవత్సరమునకు మార్చుకొన్నాడట. "మీరు వేసిన ప్రశ్నకు మాత్రము ఇంకను జవాబు దొరకలేదు, మామయ్యా" అని వ్రాసినాడు. దొరకినదని వ్రాసియుండినచో నేను నమ్మియుండను.

ఈ సంవత్సరము ఆర్వెల్ పాఠము వచ్చినపుడు నేను నల్లబల్లపై గోదావరి ముఖద్వారము గీసి, కోరంగి యెచ్చటనున్నదో చూపితిని. నాడు కూర్చోమన్న విద్యార్థి ఇపుడెచ్చటనున్నాడో తెలియదు. అతనికి నేను జవాబు బాకీయున్నాను.