కారు వెనక అక్షరాలు

ఉద్యోగంలో చేరిన పన్నెండేళ్ళకి నా జీతంతో, నా పేరు మీద కొనుక్కున్న కారు అది. ఎర్రది. ఇంటికొచ్చిన వారానికల్లా డిక్కీ తలుపు మీద మా కులం పేరు మెరిసే ఇంగ్లీషు అక్షరాల్లో ప్రత్యక్షమైంది. అంటించింది మా ఆయన. "బండికి నిండుతనం వచ్చింది కదా" అన్నాడు. నా పేరు చివర నేనెన్నడూ రాసుకోని మాట నా కారు చివరికి చేరింది. తీసేయమన్నప్పుడల్లా ఏదో ఒక వాయిదా. ఆరేళ్ళు గడిచాయి.

ఆ అక్షరాలు నాకు చేసిపెట్టిన పనులు కూడా చెప్పాలి. రాత్రిళ్ళు చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ టార్చి వెనక్కి వేసి చూసి "వెళ్ళండి మేడం" అనేవాడు. ఊళ్ళో ఎవరి వాకిట్లో ఆపినా అడిగేవాళ్ళు లేరు. ఒంటరిగా బండి నడిపే ఆడదానికి అది చిన్న సౌకర్యం కాదు. అయితే అది ఎవరికి దక్కదో కూడా తెలుస్తూనే ఉంది. ఒకసారి నాతో సెమినార్‌కి బయల్దేరిన దళిత పరిశోధక విద్యార్థిని డిక్కీలో బ్యాగు పెడుతూ ఆ అక్షరాల దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఏమీ అనలేదు. తిరుగు ప్రయాణంలో మాత్రం బస్సులో వెళ్తానంది.

2025 సెప్టెంబరులో, అలహాబాదు హైకోర్టు తీర్పు తర్వాత, వాహనాల మీద కులం పేర్లు తీసేయించాలని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఆదేశాలిచ్చింది. ఆ వార్త మా ఇంట్లో కాఫీ కప్పుల మధ్య చల్లారిపోయింది. షెడ్డుకి తీసుకెళ్తే అక్కడి మనిషి "సార్‌ని ఒకమాట అడిగి రండి మేడం" అన్నాడు. ఆర్‌సీ బుక్కులో సార్ లేడు!

సంక్రాంతి సెలవుల్లో నేనే మొదలుపెట్టాను. అక్షరాల వెనక ఉండేది రెండువైపులా అంటుకునే స్పాంజి టేపు. ముందు దుమ్ము కడిగి, హెయిర్ డ్రయరుతో కాసేపు వేడి చేస్తే మెత్తబడుతుంది. అప్పుడు పళ్ళ సందులు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం అక్షరం వెనక దూర్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగాలి. బ్లేడు, స్క్రూడ్రైవరు పనికిరావు. రంగు పైనుండే క్లియర్ కోటు గీసుకుపోతుంది. థిన్నరు అసలే వద్దు, రంగే లేచిపోవచ్చు. మిగిలిన జిగురుని బొటనవేలితో నెట్టుకుంటూ పోతే నలుగులా ఉండలు కట్టి రాలుతుంది. అప్పటికీ వదలనిదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచాను. మొత్తం ఒక మధ్యాహ్నం పట్టింది. వేళ్ళు రెండ్రోజులు నొప్పి.

మా అత్తగారు వరండాలోంచి చూస్తూనే ఉన్నారు. చివరికి "ఆ మూల కొంచెం మిగిలిందమ్మా" అన్నారు. ఆవిడ నా పక్షమో, పరిశుభ్రత పక్షమో నాకింకా తెలియదు.

అక్షరాలు పోయాయి గానీ మాట పోలేదు. ఆరేళ్ళ ఎండకి చుట్టూ రంగు వెలిసింది, అక్షరాల కింద మాత్రం షోరూంలో ఉన్నంత ఎరుపు. పాలిష్‌తో కొంత కలిసింది. ఇంకా రుద్దితే క్లియర్ కోటు పలచబడుతుందని ఆపేశాను. పొద్దున ఏటవాలు ఎండలో ఇప్పటికీ చదవొచ్చు.

ఆ మచ్చ కనబడకుండా వెంకటేశ్వరస్వామి స్టిక్కరు వేద్దామంటున్నాడు మా ఆయన. డ్రయరు ఇంకా హాల్లోనే ఉందని చెప్పాను.