రెండు వేల బాట్‌ల ఖరీదు

4 ఫిబ్రవరి 2024, ఆదివారం, బ్యాంకాక్

సువర్ణభూమిలో దిగాం. విమానాశ్రయం పేరు చదవగానే చెల్లి మొహం వెలిగిపోయింది. మే 10 దాకా మనవాళ్లకు వీసా అక్కర్లేదన్నారు కాబట్టే చీటీ డబ్బుతో ఇంత దూరం రాగలిగాం. కార్డు విదేశాల్లో పనిచేసేలా ఇంటి దగ్గరే ఫోన్‌లో ఆన్ చేసుకున్నాను. 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డులకు మనం తెరిస్తే తప్ప ఆ దారి మూసే ఉంటుంది.

5 ఫిబ్రవరి, సోమవారం రాత్రి

నిద్ర పట్టడం లేదు.

పొద్దున చెల్లి అంది, "అక్కా, కొంచెం కొంచెంగా తీసుకుందాం. పోయినా అంతా పోకుండా ఉంటుంది." ఇంట్లో మేం నేర్చుకున్న పద్ధతి అదే. ఏటీఎంలో 2,000 బాట్‌లు అడిగాను. పరాయి దేశపు కార్డు కాబట్టి 220 బాట్‌లు చార్జీ అని తెర మీద చూపించింది. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. సరేనని నొక్కేశాను.

రాత్రి ఫోన్ చూస్తే ఖాతాలోంచి 5,363 రూపాయలు పోయాయి. దాని కింద విడిగా ఇంకో 147 రూపాయల 50 పైసలు. ఈవేళ బాట్ 2 రూపాయల 32 పైసలు. చేతికొచ్చినదాని విలువ 4,640 రూపాయలే. మిగతా 870 రూపాయలు ఎటు పోయాయి?

వెంట తెచ్చుకున్న చార్జీల కాగితం ముందేసుకుని కూర్చున్నాను. 147.50 తేలిగ్గానే దొరికింది: విదేశంలో నగదు తీసినందుకు 125, దాని మీద 18 శాతం జీఎస్టీ. అసలు కోత 5,363లో దాగి ఉంది. మన బ్యాంకు మారకం మీద 3.5 శాతం మార్కప్ వేసి, దానికి జీఎస్టీ కలిపింది. మార్కప్ వేసింది కూడా 2,000 మీద కాదు, 2,220 మీద. అక్కడి బ్యాంకు తీసుకున్న చార్జీకి మన బ్యాంకు మళ్లీ చార్జీ! మెసేజ్‌లో మాత్రం ఒకే అంకె.

పోస్టాఫీసు సేవింగ్స్ కౌంటర్లో ముప్ఫై ఏళ్లు కూర్చున్నదాన్ని. కూలి డబ్బులోంచి యాభై రూపాయలు దాచుకోవడానికి వచ్చినవాళ్లకు కూడా ప్రతి పద్దూ చదివి వినిపించేదాన్ని. నూటికి దాదాపు 19 రూపాయలు పోవడం, అందులో మార్కప్ మాట విడిగా చెప్పకపోవడం నాకు మింగుడుపడటం లేదు. రెండు వేలు తీసినా ఇరవై వేలు తీసినా ఆ 220 మారదు. జాగ్రత్తగా కొంచెమే తీసుకునేవాళ్లకే దెబ్బ ఎక్కువ.

7 ఫిబ్రవరి, బుధవారం

మిగిలిన రోజులకు సరిపడా ఒకేసారి 10,000 తీద్దామని వెళ్లాం. ఈసారి తెర మీద రూపాయల్లో లెక్క వచ్చింది: 25,550. "మన డబ్బుల్లోనే చూపిస్తోందక్కా, అదే నొక్కు" అంది చెల్లి. 10,220తో భాగించి చూశాను, బాట్ రెండున్నర రూపాయలు! మార్పిడి వద్దు అన్న మీట నొక్కడానికి వేలు వణికింది. వద్దంటే డబ్బే రాదేమోనని భయం. వచ్చింది. అన్ని కోతలూ కలిపినా 24,837 అయింది. ఖర్చు నూటికి ఏడు. ఒక్క మీటతో 700 రూపాయల పైనే మిగిలాయి.

9 ఫిబ్రవరి, శుక్రవారం

హువా లంఫోంగ్ నుంచి మామూలు రైల్లో అయుత్థయ వెళ్లొచ్చాం. టికెట్ ఇరవై బాట్‌ల లోపే. కొబ్బరినీళ్ల బండి మీద కూడా క్యూఆర్ ఉంది గానీ మా ఫోన్లతో పని జరగలేదు, నోట్లే ఇచ్చాం.

డాలస్ నుంచి వచ్చినప్పుడు చెల్లెలి కూతురు ఇచ్చిన వంద డాలర్ల నోటు సాయంత్రం మార్చాం. పాస్‌పోర్టు చూశారు, 3,500 బాట్‌ల పైనే చేతికిచ్చారు. విడిగా చార్జీ లేదు. వంద నోటుకు ఒక రేటు, చిన్న నోట్లకు అంతకంటే తక్కువ రేటు అని బోర్డు మీద రాసే ఉంది. అలా ముందే రాసిపెడితే ఎవరికీ బాధ ఉండదు.

14 ఫిబ్రవరి, బుధవారం, గుంటూరు

పాస్‌బుక్‌లోనూ 5,363 ఒకే పద్దు. బ్యాంకు కౌంటర్లో అమ్మాయికి నా లెక్క చూపించాను. "220 మీద కూడా పడుతుందాండీ?" అని తనే క్యాలిక్యులేటర్ తీసింది. ఇద్దరం కలిసి రెండుసార్లు వేశాం, అదే అంకె వచ్చింది. మార్కప్‌నూ దాని జీఎస్టీనీ విడి పద్దులుగా చూపించమని మేనేజరు పేర అర్జీ రాసి, నకలు మీద ముద్ర వేయించుకుని వచ్చాను.