నార్మల్ వచ్చిందిగా!

మా నాన్నకి బీపీ ఉందని మూడేళ్ల నుంచి తెలుసు. మందులు మానేసి ఎనిమిది నెలలైందని మాత్రం మొన్న సంక్రాంతికి ఇబ్రహీంపట్నం వెళ్లినప్పుడే తెలిసింది.

హైదరాబాద్ నుంచి డిజిటల్ బీపీ మెషిన్ ఒకటి కొనుక్కెళ్లా. నాన్న అప్పుడే బజారు నుంచి నడిచొచ్చి టీ తాగుతున్నాడు. వెంటనే చేతికి పట్టీ చుట్టేశా. 178/104! నాకు చెమటలు పట్టాయి. ఆయనేమో నవ్వాడు. “తలనొప్పి లేదు, కళ్లు తిరగట్లేదు. నీ మెషినే పాడైందిరా.”

సాయంత్రం మా వీధి ఆశా అక్క వచ్చి నాకే క్లాసు పీకింది. “టీ తాగి అరగంటైనా అవ్వాలి. ఐదు నిమిషాలు వెనక్కి ఆనుకుని, పాదాలు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి కూర్చోవాలి. మాట్లాడకూడదు.” అలాగే చేశాం. 164/98. మెషిన్ బానే ఉంది.

“మరి బిళ్ళలెందుకు మానేశావ్?”

“చూపించుకుంటే నార్మల్ వచ్చిందిగా. ఇంకెందుకు?”

ఎర్రర్ ఆగిపోయిందని ఫిక్స్ తీసేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ నార్మల్ వచ్చిందే బిళ్ళ వల్ల!

మర్నాడు అరుగు మీద మెషిన్ పెడితే వీధిలో పెద్దవాళ్లంతా చేరారు. థర్మల్‌లో చేసి రిటైరైన మావయ్యగారికి 140/90 దాటింది. ఆయనకి అప్పటిదాకా తెలియనే తెలియదు. పక్కింటి మామ్మగారు “కూరలో ఉప్పు తగ్గించేశాగా” అన్నారు. రోజుకి 5 గ్రాముల లోపు, అంటే ఒక్క చిన్న చెంచా ఉప్పు చాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మరి ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ ఏ లెక్కలోకొస్తాయి?

సాయంత్రం నాన్నతో పవిత్ర సంగమం దాకా నడిచా. తాతయ్య కూడా “నాకేంటి, బానే ఉన్నా” అంటూనే ఓ తెల్లవారుజామున పక్షవాతంతో పడిపోయాడు. రెండేళ్లు మంచంలోనే. మాట కూడా పోయింది.

“తాతయ్యకి అన్నం కలిపి పెట్టింది నువ్వే కదా నాన్నా” అన్నా. నాన్న నీళ్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. మర్నాడు తనే చొక్కా వేసుకుని డాక్టర్ దగ్గరికి బయల్దేరాడు.

మీరు కూడా ఊరెళ్తే “మందులు వేసుకుంటున్నారా?” అని అడిగి ఊరుకోకండి. వేసుకుంటున్నాం అనే అంటారు. బిళ్ళల అట్ట చూపించమనండి.

ఇప్పుడు ప్రతి ఆదివారం నాన్న వాట్సాప్‌లో మెషిన్ ఫొటో పెడతాడు. పోయిన వారం 134/84. కింద మెసేజ్: “నార్మల్. అయినా బిళ్ళ వేసుకున్నా.”