పంచుకోని పొలం

మా అల్లుడి తరఫు వాళ్లంతా రెండేళ్లకోసారి మిసిసిపీలోని సొంతూళ్లో కలుస్తారు. చికాగో, డెట్రాయిట్, లాస్ ఏంజెలస్‌లలో స్థిరపడిన నల్లజాతి కుటుంబాలు చాలావాటిలో ఈ ఆనవాయితీ ఉంది. 1910కీ 1970కీ మధ్య దాదాపు 60 లక్షల మంది దక్షిణాదిని వదిలి ఉత్తరానికీ పడమటికీ వెళ్లిపోయారు. వాళ్ల పిల్లలూ మనవలూ ఇప్పుడు వేసవిలో నాలుగు రోజులు వెనక్కి వస్తుంటారు. 2022 జులైలో మేం అమ్మాయి దగ్గరే ఉన్నాం కాబట్టి మమ్మల్నీ రమ్మన్నారు.

చికాగోలో రాత్రి రైలెక్కి పొద్దున్నే గ్రీన్‌వుడ్‌లో దిగాం. వియ్యంకుడు గారిని నేను బావగారూ అంటాను, ఆయన నన్ను బ్రదర్ అంటారు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు వాళ్లమ్మ ఆయన్ని ఇలాగే రైలెక్కించి మేనత్త దగ్గరికి పంపేదట. దారిలో తినడానికి చెప్పుల పెట్టెలో వేయించిన కోడి ముక్కలు సర్ది ఇచ్చేదట. దక్షిణాదిలో నల్లవాళ్లకు ఎక్కడ తిండి పెడతారో, ఎక్కడ తరిమేస్తారో తెలియని రోజులవి.

గ్రీన్‌వుడ్ నుంచి హోమ్స్ కౌంటీలోని మైల్‌స్టన్ దాకా కారులో వెళ్లాం. ఎటు చూసినా చదునైన నేల, మా పల్నాటి నల్లరేగడి లాంటిదే. ఒకచోట కారాపించి పత్తిచేలోకి దిగాను. ఆ పొద్దున విచ్చిన పువ్వు తెల్లగా ఉంది, నిన్నటిది గులాబీ రంగుకు తిరిగింది. మొక్కా పువ్వూ నాకు తెలిసినవే. మనిషే కనబడలేదు. 1940ల నుంచి పత్తి తీసే యంత్రాలు దిగి కూలీల పని తీసేశాయి. జనం ఊళ్లు వదలడానికి అదీ ఒక కారణమని బావగారు చెప్పారు.

శుక్రవారం సాయంత్రం చేపల వేపుడు. అందరికీ ఒకే రంగు టీషర్టులు, వీపు మీద ఇంటిపేరు. ఆ పూట ఆడవాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు, వంట మగవాళ్లది. క్యాట్‌ఫిష్ అంటే మన జెల్లల జాతి. ముక్కలకు ఉప్పూ కారం కలిపిన మొక్కజొన్న పిండి పట్టించి ఇనప కళాయిలో వేస్తున్నారు. నూనె కాగిందో లేదో చూడడానికి ఒక పెద్దాయన అందులో అగ్గిపుల్ల వదిలాడు. అది తేలుతూ తిరిగి, ఉన్నట్టుండి భగ్గుమంది. "ఇక వెయ్యండి" అన్నాడు. పక్కన బెండకాయ ముక్కలు అదే పిండిలో దొర్లించి వేయించారు. మా ఆవిడ రెండోసారి వడ్డించుకుంది. బెండకాయ, అలసందలు ఆఫ్రికా నుంచే ఇక్కడికి చేరాయని వాళ్ల పిల్లలకు కూడా తెలుసు.

ఆ ఇంటికి పెద్ద, బావగారి మేనత్త. తొంభై దాటాయి. పిల్లలు ఆమెకు "యెస్ మామ్" అని తప్ప జవాబివ్వరు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ముందు నా పొలం సంగతి అడిగింది, తర్వాత తన పొలం సంగతి చెప్పింది. మైల్‌స్టన్‌లో 1940 ప్రాంతంలో ప్రభుత్వం పాత ప్లాంటేషన్ భూములు కొని, దీర్ఘకాలిక అప్పుల మీద నల్ల రైతులకు అమ్మింది. ఆమె తండ్రి అలా కొన్నాడు. చుట్టుపక్కల పాలేర్లు ఓటు కోసం నోరెత్తితే దొర మర్నాడే ఇల్లు ఖాళీ చేయించేవాడు. సొంత భూమి ఉన్నవాణ్ని ఎవరు వెళ్లగొడతారు? అందుకే 1963 ఏప్రిల్‌లో ఓటరుగా నమోదు చేయమని లెక్సింగ్టన్ కోర్టుకు మొదట వెళ్లిన పద్నాలుగు మందిలో మైల్‌స్టన్ రైతులే ముందున్నారు. వాళ్లలో హార్ట్‌మన్ టర్న్‌బో అనే రైతు ఇంటి మీద మర్నెల్లో పెట్రోలు బాంబులు వేశారు. ఆయన తుపాకి తీసి ఎదిరించాడు. పోలీసులు వచ్చి, ఇల్లు ఆయనే తగలబెట్టుకున్నాడంటూ ఆయన్నే పట్టుకుపోయారు. తర్వాత కోర్టుకు వెళ్లినవాళ్లలో మేనత్త తండ్రి ఉన్నాడు. 1967లో ఈ కౌంటీ నుంచే రాబర్ట్ క్లార్క్ గెలిచి రాష్ట్ర శాసనసభలో అడుగుపెట్టాడు. ఆ శతాబ్దంలో మిసిసిపీ శాసనసభకు వెళ్లిన మొదటి నల్లజాతి సభ్యుడు ఆయనే. "మా నాన్న ఆయనకు ఓటేశాడు, ఈ నేల మీద నిలబడే" అంది.

శనివారం మధ్యాహ్నం చర్చి వెనక హాల్లో మీటింగు. ముందు ఒక మనవరాలు వంశవృక్షం చూపించింది. 1870 జనాభా లెక్కల నుంచే వాళ్లకు పేర్లు దొరుకుతాయి. అంతకుముందు 1860 నాటి బానిసల పట్టికలో ఉన్నది యజమాని పేరే. దాని కింద వయసు, ఆడో మగో, రంగు, అంతే. హాలంతా నిశ్శబ్దంగా చూసింది. ఆ తర్వాత లెక్కలు మొదలయ్యాయి, నిశ్శబ్దం పోయింది.

మేనత్త తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. దాంతో భూమి పంపకం లేకుండా పిల్లలందరిదీ అయింది, పోయినవాళ్ల వాటా వాళ్ల పిల్లలది అయింది. ఇప్పుడు కౌలు డబ్బు, ఆస్తిపన్ను లెక్క తేలాలంటే నాలుగు రాష్ట్రాలకు ఫోన్లు చెయ్యాలి. అసలు చిక్కు అది కాదు. ఎవరో ఒకరు తన వాటా బయటివాడికి అమ్మితే, ఆ కొన్నవాడు కోర్టుకెళ్లి మొత్తం భూమినే వేలం వేయించగలడు. దక్షిణాదిలో నల్ల రైతుల భూములు ఎన్నో ఇలాగే పోయాయి. 2010లో ఒక నమూనా చట్టం తయారైంది. కోర్టు భూమికి విలువ కట్టించాలి, అమ్మకం కోరినవాడి వాటా కొనుక్కునే అవకాశం ముందు మిగతా వారసులకు ఇవ్వాలి అని అందులో ఉంది. మిసిసిపీ దాన్ని 2020లో ఒప్పుకుంది.

కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఒక కజిన్ తన వాటా అమ్మేస్తానన్నాడు. కూతురి కాలేజీ అప్పులున్నాయట. కొంటామని బయటివాళ్ల నుంచి ఉత్తరాలు వస్తున్నాయట. హాల్లో గొంతులు లేచాయి. మేనత్త చేతికర్రతో నేల మీద తట్టింది.

"అమ్ముకో నాయనా, తప్పేం లేదు. మాకే అమ్ము."

"మీ దగ్గర డబ్బెక్కడిది, ఆంటీ?"

"నెల నెలా ఇస్తాం. మా నాన్న కూడా ఒక్కసారే కట్టలేదు."

థాంక్స్‌గివింగ్ దాకా ఆగుతానన్నాడు. అంతకుమించి మాటివ్వలేదు.

ఆ రాత్రి విందులో అందరికన్నా దూరం నుంచి వచ్చినవాళ్లకు బహుమతి. సత్తెనపల్లి నుంచి వచ్చిన మాకు పోటీ లేదు. తీసుకుని వచ్చేసరికి నా పక్క కుర్చీలో ఆ కజిన్ ఉన్నాడు. ఎవరూ అతనితో పెద్దగా మాట్లాడటం లేదు. మా సంగతి చెప్పాను. మా నాన్న పోయిన ఏడాదే అన్నదమ్ములం చీటీలు వేసుకుని పొలం పంచుకున్నాం. అమ్మాయి అమెరికా చదువుకు నా వాటా అమ్మేశాను. గట్టు తగాదా కూడా లేకపోవడంతో ఇప్పుడు అన్నదమ్ములం పెళ్లిళ్లలోనే కలుస్తున్నాం.

"అమ్మినందుకు బాధగా లేదా?" అన్నాడు.

"అమ్మకపోతే అమ్మాయి ఈ దేశం వచ్చేది కాదు, నేను నీ పక్కన కూర్చునేవాణ్ని కాదు. కాకపోతే తిరిగి కొందామంటే మాత్రం ఇప్పుడు నా పెన్షన్‌కి ఒక్క ఎకరం కూడా అందదు."