మధ్యాహ్నం రెండింటికి ఫోను

మీ పిల్లలెవరైనా అమెరికాలో చదువుకుంటుంటే పొయ్యి కట్టేసి వచ్చి కాస్త స్థిమితంగా ఇది చదవండి. మీకు లేకపోయినా మీ అక్కచెల్లెళ్ళలో ఎవరికో ఒకరికి ఉండే ఉంటారు, వాళ్ళ చెవిన వెయ్యండి.

మాది తెనాలి. మావాడు ఎమ్మెస్ చెయ్యడానికి టెక్సాస్ వెళ్ళాడు. బ్యాంకులో 30 లక్షల అప్పు, దానికి మా ఇల్లు తనఖా. ఖర్చులకి మొదట్లో మేమే పంపేవాళ్ళం. డిసెంబరులో వాడే, "అమ్మా, ఇంక నాకు డబ్బులు పంపద్దు, నేను చూసుకుంటాలే" అన్నాడు. చెప్పొద్దూ, పొంగిపోయాను. ఇక్కడ తాగిన గ్లాసు కూడా తియ్యనివాడు అక్కడ తన కాళ్ళ మీద తను నిలబడ్డాడంటే ఏ తల్లికి మాత్రం సంతోషంగా ఉండదు? సంక్రాంతికి బొమ్మల కొలువు పేరంటంలో వచ్చినవాళ్ళందరికీ శనగలతో పాటు ఈ కబురు కూడా పంచిపెట్టాను. ఏం పనిరా అని మాత్రం అడగలేదు. "క్యాంపస్‌లోనే, లైబ్రరీలో" అని వాడంటే సరిపెట్టుకున్నాను.

పండగ వెళ్ళిన వారానికి, ఊళ్ళో ఎవరో అక్కడికి వెళ్తున్నారంటే వాళ్ళ చేత పంపుదామని సున్నుండలు చుడుతున్నాను. మరీ తీపి చేశానేమో, వాడికి బెల్లంవి ఇష్టమా, పంచదారవి ఇష్టమా అని అనుమానం వచ్చి నెయ్యి చేత్తోనే ఫోను చేశాను. మనకి మధ్యాహ్నం రెండు. చలికాలంలో వాళ్ళకి అప్పుడు రాత్రి రెండున్నర. చేశాక గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాను. కానీ మొదటి రింగుకే ఎత్తాడు. వెనకాల తలుపు గంట మోగింది. ఎవరో మగగొంతు "పంప్ ఫోర్" అంది.

"ఎక్కడున్నావురా?"

"లైబ్రరీలో ఉన్నానమ్మా."

లైబ్రరీలు మన ఊళ్ళల్లోనూ ఉన్నాయి కదండీ. వాటిల్లో పంపులుండవు.

నిజం చెప్పించడానికి రెండ్రోజులు పట్టింది. హైవే పక్కన పెట్రోలు బంకు. అక్కడ గ్యాస్ స్టేషన్ అంటారుట. వారానికి నాలుగు రాత్రులు, పది నుంచి పొద్దున ఆరు దాకా ఒక్కడే కౌంటర్లో కూర్చోవాలి. ఓనరు మనదేశం ఆయనే. "కాగితం మీద నీ పేరుండదు, చేతికి డబ్బిస్తాను, భయం లేదు" అన్నాట్ట. కాగితం మీద పేరు లేకపోవడమే అసలు భయమని నాకప్పుడు తెలీదు.

మా తోడికోడలి కూతురు అక్కడే చదివి ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. దానికి ఫోను చేస్తే, "పెద్దమ్మా, ముందు వాణ్ణి ఆ పని మానిపించు, తర్వాత మాట్లాడుకుందాం" అంది. ఆ తర్వాత చంటిపిల్లకి చెప్పినట్టు విడమరిచి చెప్పింది. చదువుకోడానికి ఇచ్చే ఎఫ్-1 వీసా మీద వెళ్ళినవాళ్ళు కాలేజీ జరిగే రోజుల్లో క్యాంపస్‌లోనే, అదీ వారానికి 20 గంటలకి మించకుండా పని చెయ్యచ్చు. పెద్ద సెలవుల్లో క్యాంపస్‌లోనే ఎక్కువ గంటలు చేసుకోవచ్చు. బయట పనంటే మటుకు మొదటి విద్యా సంవత్సరం మామూలుగా కుదరదు. ఆ తర్వాతైనా చదువుకి సంబంధించిన పనే, ముందుగా అనుమతి కాగితం చేతికొచ్చాకే. ఇంటిదగ్గర అనుకోని కష్టం వచ్చిపడితే ఒక ఏడాది చదువయ్యాక ప్రత్యేకంగా అర్జీ పెట్టుకోవచ్చుట, అదీ మంజూరయ్యాకే పనిలో చేరాలి. ఇవన్నీ చూడ్డానికి ప్రతి కాలేజీలోనూ డి.ఎస్.ఓ. అని ఒక అధికారి ఉంటారు. స్నేహితుల మాట కాదు, వాళ్ళ మాట వినాలి.

అనుమతి లేకుండా చేస్తే? నగదు తీసుకున్నా పని పనే. తెలిసిననాడు చదువు సగంలో ఉండగానే వీసా హోదా పోతుంది. తెలియకపోయినా తర్వాత ఏళ్ళకి గ్రీన్ కార్డు కాగితాల్లో అడుగుతారు. 2019లో మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని పేపర్లలో వచ్చింది, గుర్తుందా? క్లాసులు లేకుండా ఉద్యోగం చేసుకోవచ్చని అందులో చేరారు. తీరా చూస్తే అది అక్కడి ప్రభుత్వ అధికారులే నడిపిన ఉత్తుత్తి కాలేజీ. 129 మంది మన దేశపు విద్యార్థుల్ని పట్టుకున్నారు. వాళ్ళలో మన తెలుగు పిల్లలే ఎక్కువ. అప్పుడు ఆ వార్త చదివి "అయ్యో పాపం" అని పేపరు మడిచి, వంటింటి అలమర్లో పరుచుకున్నదాన్ని నేను.

ఇంకో సంగతి కూడా అదే చెప్పింది. 1986లో పెన్సిల్వేనియాలో జీన్ క్లెరీ అనే పందొమ్మిదేళ్ళ పిల్లని హాస్టలు గదిలోనే ఒక దుర్మార్గుడు చంపేశాడు. బయటి తలుపులు మూసుకోకుండా ఎవరో అడ్డం పెట్టారుట, వాడు అందులోంచి వచ్చాడు. ఆ కాలేజీలో అంతకుముందు ఎన్ని నేరాలు జరిగాయో ఎవరూ చెప్పలేదని తెలుసుకుని, ఆ తల్లీ తండ్రీ దుఃఖం దిగమింగుకుని చట్టం కోసం పోరాడారు. 1990లో చట్టం వచ్చింది. ఇప్పుడు దాన్ని క్లెరీ చట్టం అనే అంటారు. దాని ప్రకారం కాలేజీలు గడిచిన మూడేళ్ళ నేరాల లెక్కలు ఏటా అక్టోబరు 1 లోపల బయటపెట్టాలి. ప్రమాదం పొంచి ఉంటే పిల్లల్ని వెంటనే హెచ్చరించాలి. మా కోడలికి బంగారం కొన్నా నాలుగు కొట్లు తిరిగి చూసే మేము, పిల్లాణ్ణి పంపేముందు ఆ లెక్కలు చూడచ్చని కూడా ఎరగం.

నేను కూర్చుని మా అమ్మాయి చేత అవి తీయించి చూశాను. మావాడి క్యాంపస్ ఫరవాలేదనిపించింది. నీలం దీపాల స్తంభాలున్నాయి, మీట నొక్కితే పోలీసులు పలుకుతారు. రాత్రి ఆలస్యమైతే గదిదాకా దిగబెట్టే ఏర్పాటూ ఉంది. హమ్మయ్య అనుకుని, అంతలోనే ఆగిపోయాను. ఆ లెక్కలు క్యాంపస్‌కీ, దాన్ని ఆనుకున్న వీధులకీ, కాలేజీ తాలూకు భవనాలకీ. హైవే పక్కన పెట్రోలు బంకు అందులో ఎక్కడుంటుంది? వాడి చదువు నీలం దీపాల మధ్య, వాడి రాత్రులు మాత్రం చీకట్లో.

అది అడిగేసరికి అసలుది బయటపడింది. జనవరి మొదట్లో ఒకడు టోపీ కిందికి లాక్కుని వచ్చి, తుపాకీ చూపించి, గల్లాపెట్టెలో డబ్బు పట్టుకుపోయాట్ట. వీడు 911కి ఫోను చెయ్యలేదు. "పోలీసులొస్తే నువ్వెవరు, ఇక్కడేం చేస్తున్నావని అడుగుతారు కదమ్మా" అన్నాడు. ఓనరు పోయిన డబ్బు జీతంలో విరక్కోశాడు. అయినా ఆ మర్నాడు రాత్రి కూడా వెళ్ళి కూర్చున్నాడు నా కొడుకు.

"ఎందుకురా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్నగారు దసరాకి అన్నారు కదా, వడ్డీ కట్టలేక తల తాకట్టు పెడుతున్నాను అని" అన్నాడు. మావారు ఏదో విసుగులో అన్న మాట అది. పక్కనే ఉండి నేనూ "అవున్రా, చాలా కష్టంగా ఉంది" అని వంత పాడాను. బంకు ఓనర్ని తిట్టుకుంటే సరిపోతుందా మరి?

ఆ రాత్రే మావారూ నేనూ మాట్లాడుకున్నాం. మర్నాడు నా నాలుగు గాజులు బ్యాంకులో పెట్టి ఖర్చులకి పంపాం. మా అమ్మ ఇచ్చినవి. ఇబ్బందిగా అనిపించలేదంటే అబద్ధమే. వాడు పని మానేశాడు. చేసింది మాత్రం చెరిగిపోదు. ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడమంది మా పిల్ల, మాట్లాడాడు. ఆయన ఏమన్నాడో నాకు పూర్తిగా చెప్పడు. ఆ భయం ఇంకా మా ఇంట్లో ఉంది.

మార్చిలో క్యాంపస్ భోజనశాలలో పని దొరికింది, వారానికి 15 గంటలు. పళ్ళేలు తీసి మిషన్లో సర్దాలిట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇప్పుడు వారం వారం అడుగుతాను: ఎన్ని గంటలు చేశావు, రాత్రి గదికి ఎవరితో వచ్చావు, ఆ ఎస్కార్ట్ నంబరు ఫోన్లో ఉందా అని. విసుక్కుంటాడు. విసుక్కోనీ.

మొన్న కావాలనే మధ్యాహ్నం రెండింటికి ఫోను చేశాను. అయిదుసార్లు మోగి ఆగిపోయింది. ఎత్తలేదు. నిద్రపోతున్నాడన్నమాట. నేనూ వంటింటి తలుపు దగ్గరగా వేసి, చాపేసుకుని కాసేపు నడుం వాల్చాను.