పెదవి వెనక పన్ను

మా పుట్టింటివైపు అందరివీ ఎత్తుపళ్ళే. పెదవులు రెండూ కలవాలంటే గడ్డం కింద కండ బిగించాలి. ప, బ, మ పలికినప్పుడల్లా ఆ పాట్లు నాకే తెలుసు. "అమ్మా" అని పిలవాలన్నా పెదవులు కలపాలి కదండీ!

ముప్ఫయ్యారో ఏట ఇక్కడ బరంపురంలో పళ్ళ డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఆవిడ పక్కనుంచి ఫోటో, ఎక్స్‌రే తీయించి, క్లిప్పులు వేసేముందు నాలుగు పళ్ళు తీయాలన్నారు. కోరపళ్ళ వెనకున్నవి, పైన రెండు, కింద రెండు. పుచ్చు లేదు, కదలడం లేదు. నిక్షేపంలాంటి పళ్ళు.

"నేను పళ్ళు లేక ఏడుస్తుంటే నువ్వు ఉన్నవి పీకించుకుంటావుటే?" అన్నారు మా అత్తగారు. పైపన్ను తీస్తే చూపు పోతుందని పక్కింటి పిన్నిగారు భయపెట్టారు. కంటికి వెళ్ళే నరం వేరు, పంటికి వెళ్ళే నరం వేరు కాబట్టి ఆ భయం నాకు లేదు. నా భయమల్లా పెదవుల గురించే. పళ్ళసెట్టు తీసినప్పుడు అత్తగారి పెదవులు లోపలికి పోవడం రోజూ చూస్తున్నదాన్ని మరి!

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. పెదవికి ఆసరా ముందుపళ్ళు. పక్కపన్ను తీసినంత మాత్రాన పెదవి కదలదు. ఆ ఖాళీ, ఒక్కోవైపు సుమారు 7 మిల్లీమీటర్లు, దేనికి వాడతారన్నదే అసలు సంగతి. పళ్ళు వంకరగా ఇరుక్కుని ఉంటే వాటిని సర్దడానికే చాలామటుకు అయిపోతుంది. నాలాగా వరస సరిగ్గా ఉండి ఎత్తు మాత్రమే ఉంటే, ముందుపళ్ళు వెనక్కి వెళతాయి. అవి 3 మిల్లీమీటర్లు వెళితే పై పెదవి సుమారు 2 వెళుతుందని ఒక లెక్క. కింది పెదవి ఇంకాస్త ఎక్కువే వెళుతుంది. పలచని పెదవి తొందరగా లొంగుతుంది, మందపు పెదవి అంతగా లొంగదు. పైగా వయసుతోపాటు పెదవులు ఎలాగూ పలచబడి కిందికి సాగుతాయి. అందుకని పెద్దవాళ్ళకు మరీ వెనక్కి లాగితే నోరు పీక్కుపోయినట్టుంటుందిట.

ఈ పేచీ ఇవాళ్టిది కాదు. 1911లో అమెరికాలో పళ్ళు తీయాలని కాల్విన్ కేస్ పక్షం, ఒక్కటీ తీయకూడదని ఎడ్వర్డ్ యాంగిల్ పక్షం గట్టిగా వాదించుకున్నాయి. తరవాత యాంగిల్ శిష్యుడు ట్వీడే పళ్ళు తీసి వైద్యం చేశాడు. గురువుగారు అప్పటికి లేరు, బతికిపోయాడు!

నన్ను ఆపింది ఇంకొకటి ఉంది. మా అమ్మ పోయి తొమ్మిదేళ్ళు. అద్దంలో ఆవిడ నోరు కనిపించేది నా ముఖంలోనే. శ్రీకాకుళం వెళితే "అచ్చం అమ్మే" అనేవారు. ఆ నోటిని నేనే మార్పించుకుంటున్నానా అని ఒక నెల నిద్ర పట్టలేదు. మావారు మాత్రం, "మీ అమ్మగారికి అప్పట్లో వీలుంటే చేయించుకునేవారు కారా?" అన్నారు. నిజమే. ఫోటోల్లో ఆవిడ ఎప్పుడూ కొంగు అడ్డం పెట్టుకునే ఉంటుంది.

చేయించుకున్నాను. రెండేళ్ళు పట్టింది. పెదవులు ఇప్పుడు వాటంతటవే కలుస్తాయి. పై పెదవి ఎరుపు కాస్త తగ్గింది, ముక్కు కింద ఒంపు పెరిగింది, మధ్యన అమ్మకున్న నొక్కు మాత్రం అలాగే ఉంది. మొన్న పెళ్ళిలో చుట్టాలెవరూ కనిపెట్టలేదు, "చిక్కిపోయావేమే?" అన్నారంతే.

పళ్ళు మళ్ళీ ముందుకు రాకుండా రాత్రిళ్ళు ప్లేటు పెట్టుకోవాలి. అత్తగారు తమ సెట్టు తీసి గ్లాసులో వేసే వేళకి నేను నా ప్లేటు తీసి నోట్లో పెట్టుకుంటాను.